‘దారి లేదు’ అని రాసే ముందు

కొండ ఎక్కి దిగి వచ్చి రాసే వ్యాసాలు ఈమధ్య తెలుగులో బాగా పెరిగాయి. ఆదివారం పత్రికల్లో, యాత్రల పుస్తకాల్లో, ఫోన్లో చూసే వీడియోల్లో దాదాపు ఒకే కథ ఉంటుంది. నలుగురు స్నేహితులు తెల్లవారకముందే బయల్దేరతారు. తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపుతారు. అక్కడి నుంచి ‘దారి లేదు’. ముళ్లపొదలు, జారే రాళ్లు, జలగలు. మధ్యాహ్నానికి ‘మనిషి అడుగు పడని’ శిఖరం. ఫొటోలు. చీకటి పడేసరికి మళ్లీ బండి దగ్గర.

ఈ కథలో ఎక్కడో ఒకచోట ‘ఒక గిరిజనుడు’ వస్తాడు. అతనికి పేరుండదు. ఎటు వెళ్లాలో చూపిస్తాడు. తరవాతి పేరాలో కనిపించడు. దారి లేని చోట దారి చూపడం అతనికి ఎలా తెలిసిందని రాసినవాళ్లు ఆగి ఆలోచించరు.

ఇలాంటి రాతలను మన పిల్లలు చదువుతున్నారు. చదివి అలాగే రాస్తున్నారు. అందుకే వాటిని కొంచెం దగ్గరగా పరిశీలించాలనుకున్నాం. కొండలెక్కేవాళ్ల మీద మాకు కోపం లేదు. సెలవురోజున స్నేహితులతో కలిసి కొండెక్కడం మాకూ ఇష్టమే. పైగా ఈ తప్పు మేమూ చేశాం. ముందు అదే చెప్పాలి.

మేము ముగ్గురం ఉపాధ్యాయులం. ముగ్గురమూ ఏజెన్సీలో పుట్టి పెరిగినవాళ్లమే. కొన్నేళ్ల కిందట ఒక జనవరి నెల రెండో శనివారం, బడి వెనక కనిపించే కొండ నెత్తికి వెళ్లి రావాలనుకున్నాం. రోజూ వరండాలోంచి చూసే కొండే. అన్నేళ్లుగా చూస్తున్నా ఎన్నడూ ఎక్కలేదు. పశువులు కాసే పెద్దాయన ఒకరు తోడు వచ్చారు. ఆయన్ని మేము మావా అని పిలుస్తాం. మా సంచుల్లో నీళ్ల సీసాలు, బిస్కెట్ పొట్లాలు. ఆయన చేతిలో కత్తి, భుజాన ఆనపబుర్రలో చోడి అంబలి.

పోడు చేల దాకా బాట బాగానే ఉంది. ఆ పైన మా కళ్లకి ఏమీ కనిపించలేదు. మావ మాత్రం ఎక్కడా తడుముకోలేదు. ఒక గెడ్డను రెండుసార్లు దాటించారు. ఒక కనుమ దగ్గర రాళ్ల కుప్ప ఉంటే, ఆకు తెంపి దాని మీద వేసి దండం పెట్టుకున్నారు. ఒక ఊట దగ్గర ఆపి నీళ్లు తాగించారు. ఐదు గంటలకి పైకి చేరాం. పైన చదునుగా గడ్డినేల, మోకాలెత్తు మంచు. అవతల ఒడిశా కొండలు ఒకదాని వెనక ఒకటి. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

సోమవారం బడి గోడపత్రికకి నాలుగు పేజీలు రాసి అంటించాం. శీర్షిక ‘దారి లేని కొండ మీదికి మా సాహసయాత్ర’. అందులో ‘ఎవరూ ఎరగని ఒక ఊటను కనుగొన్నాం’ అనే వాక్యం కూడా ఉంది. ఏడో తరగతి అమ్మాయి ఒకతె చదివి మా దగ్గరికి వచ్చింది. ‘మాస్టారూ, మాయమ్మ చీపుళ్లకి ఆ దారినే ఎల్తాది కదా. దారి నేదని రాసీసారేటి?’ అంది.

మేము జవాబు చెప్పలేకపోయాం. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కూర్చుంటే, వాళ్లమ్మ ఆ దారిని మాకు ఇంట్లోనుంచే నడిపించినట్టు చెప్పింది. చీపురుగడ్డి కోసే నెలల్లో తెల్లవారుజామున ఏ రాయి దగ్గర కలుసుకుంటారో, మోపులు ఎక్కడ దించి ఊపిరి తీసుకుంటారో, ఏ మలుపులో కాలు జారుతుందో అన్నీ చెప్పింది. మేము ‘కనుగొన్న’ ఊట చుట్టూ రాళ్లు పేర్చింది వాళ్ల మామగారట. ఆ రాళ్లను మేమూ చూశాం. అవి ఒక మనిషి పేర్చిన రాళ్లని మా బుర్రకి తట్టలేదు.

మేము ఆదివాసులమే అయినా కొండను చూడడం మాత్రం పత్రికల్లో చదివిన పద్ధతిలోనే చూశాం. డైట్‌లో చదువు చెప్పే శిక్షణ తీసుకున్నాం గాని, మన చుట్టూ ఉన్నదాన్ని చదవడం ఎవరూ నేర్పలేదు. మేమూ నేర్చుకోలేదు.

ఇక ఆ రాతల్లోని మాటల సంగతి చూద్దాం. మొదటి మాట ‘దారి లేదు’. పట్నం మనిషికి దారి అంటే వెడల్పు ఉండాలి, రెండో మనిషికి చోటుండాలి, ఎక్కడో ఒక బోర్డుండాలి. కొండమీది దారులు అలా ఉండవు. పశువుల బాట వేరు, అది వాలును అడ్డంగా కోసుకుంటూ మెల్లగా ఎక్కుతుంది. అడ్డాకులకి వెళ్లే బాట వేరు, అది తీగలున్న చోటల్లా చీలిపోతుంది. చీపుళ్ల బాట ఏడాదిలో మూడు నాలుగు నెలలే కనిపిస్తుంది, వానలొచ్చాక గడ్డి కింద నిద్రపోతుంది. సంతబాట ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తేనె బాట తెలిసినవాళ్లు తక్కువ, అది చెప్పరు కూడా. ఇవన్నీ చూడాలంటే కాళ్లతోపాటు ఏ నెలలో ఏం పండుతుందో తెలిసిన కళ్లు ఉండాలి. అవి లేనివాళ్లు ‘మాకు దారి కనిపించలేదు’ అని రాస్తే నిజం. ‘దారి లేదు’ అని రాస్తే అబద్ధం.

ఇంకో బాట ఉంది, డోలీ బాట. రోడ్డు లేని ఊళ్లలో నొప్పులు పడుతున్న ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టి, నలుగురు భుజాలు మార్చుకుంటూ కిందికి దించే బాట. యాత్ర రాతల్లో ‘ఒళ్లు గగుర్పొడిచే దిగుడు’ అని ఉండేది చాలాసార్లు ఇదే. దిగేవాళ్లకి అది ఒక ఆదివారం. డోలీ మోసేవాళ్లు రాత్రిపూట, వానలో, చేతిలో టార్చితో అదే దిగుడు దిగుతారు. యాత్ర రాసినవాళ్లు ఈ సంగతి కూడా ఒక వాక్యంలో రాస్తే ఆ సాహసం తగ్గిపోదు. చదివేవాళ్లకి ఆ ఊరికి రోడ్డు ఎందుకు కావాలో తెలుస్తుంది.

రెండో మాట ‘జయించాం’. ఇది పెద్ద పర్వతాల దగ్గర్నుంచి మన కొండల దాకా దిగి వచ్చిన మాట. 1953 మే 29న ఎవరెస్టు మీదికి మొదట చేరిన ఇద్దరిలో ఒకరు టెన్జింగ్ నోర్గే. పైకి చేరాక ఆయన కొంచెం చాక్లెట్టు, మిఠాయిలు మంచులో పెట్టి దేవతకి నైవేద్యం ఇచ్చారు. లోకమంతా విజయం అంటున్న చోట ఆ కొండ కింద పెరిగిన మనిషి చేసిన పని అది. ఇటికల పండగనాడు కొండదేవతకి మొక్కి వేటకి బయల్దేరే మన పెద్దలకి ఆ నైవేద్యం వింతగా తోచదు.

ఆ పర్వతం పేరు కూడా ఆలోచించదగినదే. టిబెటన్లు చోమోలుంగ్మా అంటారు, నేపాల్‌లో సగర్‌మాథా అంటారు. సర్వే శాఖకి అధిపతిగా పనిచేసిన ఒక అధికారి ఇంటిపేరును 1865లో దానికి ఖాయం చేశారు. కింద ఉన్నవాళ్లకి ఆ కొండ అప్పటికే తెలుసు, పిలుచుకునే పేరూ ఉంది. కాగితం మీద పేరు మాత్రం ఇంకొకరిది పడింది.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన లంబాడీ బాలిక మాలావత్ పూర్ణ, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా అదే యాత్రలో శిఖరం చేరాడు. ఇద్దరూ గురుకుల పాఠశాలల పిల్లలే. మన బడుల్లో ఆ రోజు పంచుకున్న ఆనందం మాకు గుర్తుంది. ఆ ఆనందం న్యాయమైనది. అయితే అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు దగ్గర మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది షెర్పాలు. ఇతరులు ఎక్కడానికి సామాన్లు మోసి, దారి సిద్ధం చేసే పనిలో ఉన్నవాళ్లు. పూర్ణ పాఠం చెప్పే రోజున ఈ సంగతి కూడా చెప్పాలి. ఎక్కినవాళ్ల పేరు, దారి వేసినవాళ్ల పేరు రెండూ పాఠంలో ఉంటేనే ఆ పాఠం పూర్తవుతుంది.

అన్ని శిఖరాలూ కాలు పెట్టడానికేనా అన్నది ఇంకో ప్రశ్న. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ అనే ఇద్దరు బ్రిటిష్ వాళ్లు 8,586 మీటర్ల కాంచనగంగను మొదటిసారి ఎక్కారు. సిక్కిం ప్రజలకి అది పవిత్రం కాబట్టి, అక్కడి రాజుకి ఇచ్చిన మాట ప్రకారం చిట్టచివరి కొన్ని అడుగులు ఎక్కకుండా ఆగిపోయారు. అంత దూరం వెళ్లి ఆగినందుకు వాళ్ల ఘనత ఏమీ తగ్గలేదు. మన దగ్గర కొండదేవత చోటుకి చెప్పులతో వెళ్లి, ఆ రాయి మీద కూర్చుని ఫొటో దిగినవాళ్లను చూశాం. అడిగి ఉంటే ఎక్కడ ఆగాలో ఊళ్లో ఎవరైనా చెప్పేవాళ్లు.

మూడో మాట ‘నిర్జనం’. మాకు ఎక్కువ భయం కలిగించేది ఈ మాటే. పైకి ఇది అందమైన మాట. మనుషులు లేని, ఎవరికీ చెందని, ప్రశాంతమైన చోటు అని అర్థం. కాని ఎవరికీ చెందని చోటు అన్నాక దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. మన తూర్పు కనుమల్లో చాలా కొండల నెత్తిన బాక్సైటు ఉంది. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మధ్యనున్న నియమగిరి మీద కూడా అదే ఉంది. డోంగ్రియా కోందులకి ఆ కొండ నియమరాజు ఇల్లు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అక్కడ తవ్వకం మాట గ్రామసభలే తేల్చాలంది. ఆ ఏడాది వానాకాలంలో 12 ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఆ సభల్లో మాట్లాడినవాళ్లు చెప్పింది ఒక రకంగా వాళ్ల కొండ నడకల గురించే. ఎక్కడ గెడ్డ పుడుతుందో, ఎక్కడ దేవుడున్నాడో, ఎక్కడ దుంపలు తవ్వుకుంటారో చెప్పారు. ‘నిర్జన శిఖరం’ అనే రాతకి అంతకన్నా గట్టి జవాబు మాకు తెలియదు.

ఇది ఒడిశా సంగతే అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద మన ఊళ్లు కూడా సామూహిక హక్కు కోరవచ్చు. దానికి ఏవి సాక్ష్యంగా పనికొస్తాయో నిబంధనల్లో 13వది చెబుతుంది. పశువులు మేసే చోట్లు, దుంపలు, పళ్లు, ఇతర అటవీ ఫలసాయం ఏరుకునే చోట్లు, మనుషులకీ పశువులకీ నీళ్లు దొరికే చోట్లు, పవిత్రమైన చెట్లు, వనాలు, శ్మశానాలు, పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం. ఆ జాబితా చదివినప్పుడు మేము మా నాలుగు పేజీలను తలుచుకున్నాం. ఊట, కనుమ దగ్గర రాళ్ల కుప్ప, చీపురుగడ్డి నేల అన్నీ ఆ నడకలో చూశాం. సరిగ్గా రాసి ఉంటే గోడపత్రికలో అంటించిన ఆ కాగితం ఊరి దరఖాస్తుకి ఆసరా అయ్యేది. మేము రాసినట్టే చూస్తే ‘ఇక్కడ ఎవరూ తిరగరు, మీ మాస్టర్లే రాశారు’ అని ఎవరైనా అనడానికి పనికొస్తుంది. ఒక్క వాక్యం ఊరి వైపు నిలబడనూ గలదు, ఊరికి ఎదురు తిరగనూ గలదు.

అయినా మనం ఒప్పుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. బయటినుంచి వచ్చి కొండలెక్కేవాళ్లలో మంచి అలవాట్లున్నాయి. ఎన్ని గంటలకి బయల్దేరారో, ఎంత ఎత్తు ఎక్కారో, ఎక్కడ నీళ్లు దొరికాయో రాసుకుంటారు. ఒక పక్షి పేరు తెలియకపోతే తెలుసుకునేదాకా ఊరుకోరు. మన రాతల్లో ఆ ఓపిక తక్కువ. ‘అడవితల్లి’, ‘కొండతల్లి’ అని పదిసార్లు రాస్తాం, ఒక్క చెట్టు పేరు రాయం. అడవి పచ్చగా ఉందంటాం, ఏ చెట్టు పచ్చదనమో చెప్పం. పొగడ్త ఎక్కువై వివరం తక్కువైన రాతను బయటివాళ్లు రాసినా మనవాళ్లు రాసినా ఒకే తూకం వేయాలి.

ఇంకా కష్టమైన నిజం ఒకటుంది. మన పిల్లలు నడవడం మానేస్తున్నారు. అయిదో తరగతి నుంచే హాస్టల్లో ఉండి, సెలవులకి వచ్చి, ఆటోలో సంతకి వెళ్లే పిల్లవాడికి తాత నడిచిన బాట తెలియదు. తప్పు వాడిది కాదు. కాని తాత పోయిన రోజున ఆ బాట కూడా పోతుంది. ఇంకో పదేళ్లకి ‘దారి లేదు’ అని రాసేవాళ్ల మాటే నిజమైపోవచ్చు. అందుకే మన యువకులు స్నేహితులతో కలిసి కొండలెక్కాలని మేము గట్టిగా కోరుతున్నాం. ఫోన్ కూడా తీసుకెళ్లండి, ఫొటోలు తీయండి. పెద్దవాళ్లలో ఒకర్ని మాత్రం వెంట తీసుకెళ్లండి.

తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం ఏదని పోటీ పరీక్షల పుస్తకాలు అడుగుతాయి. పాత పుస్తకాల్లో మహేంద్రగిరి, 1,501 మీటర్లు. కొన్నిట్లో ఆర్మకొండ, 1,680 మీటర్లు. ఇంకొన్నిట్లో జింధగడ, 1,690 మీటర్లు. డీఎస్సీకి చదివే పిల్లలు ఏది రాయాలని మమ్మల్ని అడుగుతుంటారు. పరీక్షకి ఏది రాయాలో అది రాయండి. కాని ఆ పుస్తకాలేవీ అడగని ప్రశ్న మీ తరగతిలో అడగండి: మీ ఊరి నుంచి కనిపించే ఎత్తైన కొండ ఏది, దాన్ని మీ అవ్వ ఏమని పిలుస్తుంది? మా బడిలో ఈ ప్రశ్న అడిగితే ఒకే కొండకి మూడు పేర్లు వచ్చాయి. తెలుగులో ఒకటి, కువిలో ఒకటి, ఆదివాసీ ఒడియాలో ఒకటి. మూడూ నల్లబల్ల మీద రాశాం. ఆ రోజు భూగోళం పాఠం గంట కొట్టినా ఆగలేదు.

రాసేటప్పుడు ఏం చేయాలో మా అనుభవం మీద చెబుతున్నాం. దారి చూపినవాళ్ల పేరు, వాళ్లు ఒప్పుకుంటే, మొదటి పేరాలోనే రాయండి. ఏ నెలలో నడిచారో రాయండి, ఎందుకంటే జనవరిలో ఉన్న బాట ఆగస్టులో ఉండదు. చెట్టు పేరు మన భాషలో ఏదుంటే అది రాయండి. మీరు కనిపెట్టినట్టు రాయకండి, మీకు ఎవరు చూపించారో రాయండి. మీకు కనిపించనిదాన్ని లేదనకండి. రాసింది అచ్చుకి ఇచ్చే ముందు ఊళ్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి. తేనె చెట్లు, మందుమొక్కలున్న చోట్లు, దేవత చోట్లు ఎక్కడున్నాయో రాయవద్దని వాళ్లంటే రాయకండి. కొన్ని దారులు రాస్తే బతుకుతాయి, కొన్ని దాస్తేనే బతుకుతాయి. ఏది ఏదో చెప్పాల్సింది ఊరు.

ఒక మాట జాగ్రత్త గురించి కూడా. బాట వదిలి నడవడం గొప్ప అనుకోకండి. మంచు కమ్మితే పది అడుగుల దూరం కనిపించదు. పైన వాన పడితే కింద గెడ్డ క్షణాల్లో పొంగుతుంది. మా మావ ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక ఒక్క నిమిషం కూడా పైన ఉండనివ్వలేదు. అప్పుడు విసుక్కున్నాం. దిగేటప్పుడు పోడు చేలు వచ్చేసరికే చీకటి పడింది.

మరుసటి ఏడాది జనవరిలో మళ్లీ వెళ్లాం. ఈసారి ఆ అమ్మాయి వాళ్లమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ చీపుళ్లకి వెళుతుంటే వాళ్ల వెనక నడిచాం. మాకన్నా గంట ముందే పైకి చేరి, మేము వెళ్లేసరికి సగం మోపు కోసేశారు. మావ ఆ ఏడాది రాలేకపోయారు, మోకాలు నొప్పి. తిరిగి వచ్చాక గోడపత్రికకి కొత్తగా రాశాం. రాసిన కాగితం ముందు ఆ అమ్మాయికే ఇచ్చాం. అది తీరికగా చదివి, ఒకచోట గెడ్డ పేరు తప్పు రాశామని పెన్నుతో దిద్ది ఇచ్చింది. ఆ దిద్దుబాటుతోనే అంటించాం.

కొత్త వ్యాసం మొదటి వాక్యం ఇది: ‘చీపురుగడ్డి కోసే మా ఊరి ఆడవాళ్లు వేసిన బాట వెంట మేము కొండెక్కాం.’